రాతి అవ్వకి పండగ సున్నం

తెర్నోవెట్స్ ఊరి మొదట్లో "చరిత్ర మీకు స్వాగతం పలుకుతోంది" అని ఓ బోర్డు ఉంది. దాని దగ్గర కార్లు ఆగుతాయన్నది నిజమే. దారి తప్పినవాళ్ళు ఆగుతారు. వెనక దట్టంగా పొదలున్నాయి కాబట్టి అవసరం వచ్చినవాళ్ళూ ఆగుతారు. చరిత్ర కోసం ఆగినవాణ్ణి మాత్రం మెలానియా తన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడలేదు.

మెలానియా ఆ ఊరి మ్యూజియం అధికారిణి. అధికారిణి అనగానే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పొయ్యి రాజేసేదీ ఆవిడే, టిక్కెట్టు చింపేదీ ఆవిడే, కప్పు కారితే బకెట్లు పెట్టేదీ ఆవిడే. కీవ్‌లో చదువుకుని వచ్చింది. అబద్ధం వింటే ఆవిడకి తుమ్ములొస్తాయి. ఊళ్ళో జనానికి ఇంకో నమ్మకం ఉంది: ఎవరైనా ఓ మాట అనగానే పక్కన తుమ్ము వినిపిస్తే ఆ మాట సత్యమన్నట్టే. అందువల్ల మెలానియా తుమ్మినప్పుడల్లా మేయర్ ఒనుఫ్రి మీసం దువ్వుకుని, "చూశారా!" అనేవాడు.

ఆయన చెప్పుకునే గొప్పలు అలాంటివి మరి. శత్రువుకి లొంగని కోట అని చెప్పేది ఒకటిన్నర గోడ. ఆ అర గోడ మీద హక్కు మేకలది. ఒక్క మేకు లేకుండా కట్టారనే చెక్క చర్చిలో మెలానియా మేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టి, విసుగొచ్చి మానేసింది. కోటలోంచి నది అవతలికి వెళ్ళే రహస్య సొరంగం కాంట్రాక్టరు తిమీష్ బీరు పీపాలు దాచుకునే నేలమాళిగ దగ్గర మొదలై, అక్కడే అయిపోతుంది. ఇక హెట్మాన్ ఓక్ చెట్టు. కోసాక్కుల సేనాని హెట్మాన్ యుద్ధానికి వెళుతూ దాని కింద ఓ రాత్రి నిద్రపోయాడట. ఆ ప్రాంతంలో ఆయన నిద్రపోని ఊరంటూ లేదు. "ఇంత నిద్రపోయిన మనిషి యుద్ధాలు ఎప్పుడు చేశాడండీ?" అని మెలానియా నిండు సభలో ఒకసారి అడిగింది. పైగా అది ఓక్ కాదు, లిండెన్ అని కూడా అంది. అప్పటినుంచి ఒనుఫ్రికి ఆవిడంటే ఒళ్ళు మంట.

ఈస్టర్ పండగ దగ్గర పడుతుండగా ఒనుఫ్రి ఆవిడని ఆఫీసుకి పిలిపించాడు. తిమీష్ అప్పటికే అక్కడ కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. తిమీష్ మేయరుకి కూమ్. అంటే మేయర్ కూతురి జ్ఞానస్నానం నాడు పిల్లని ఎత్తుకుని నిలబడి, తండ్రి వరస కలుపుకున్నవాడు. సొంత అన్నదమ్ములు ఆస్తి దగ్గర విడిపోవచ్చు గానీ, తెర్నోవెట్స్‌లో కూములు కాంట్రాక్టుల దగ్గర కూడా విడిపోరు.

"కూర్చోండి పానీ మెలానియా," అన్నాడు ఒనుఫ్రి. మర్యాదగా పిలిస్తే అక్కడ ఆడవాళ్ళు పానీ, మగవాళ్ళు పాన్. "మీ మ్యూజియం చూసి మా కూమ్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"తోడేలుని చూసా?"

మ్యూజియంలో గడ్డి కూరిన తోడేలు ఒకటుంది. దాని ఎడమ చెవి చిమటలు తినేశాయి.

"భవనాన్ని చూసి," అన్నాడు తిమీష్ బాధగా. "ఎంత ఎత్తు కప్పు! ఎంత హాలు! ఊరంతా కూర్చుని పెళ్ళి భోజనం చెయ్యొచ్చు. అలాంటి హాల్లో మీరు ఓ చచ్చిన తోడేలుని నిలబెట్టారు."

"నా తోడేలు తాగి వాంతులు చేసుకోదు తిమీష్. నీ పెళ్ళివారు చేసుకుంటారు."

"సరే సరే," అన్నాడు మేయర్. "పండగ కాగానే కౌన్సిల్లో ఓటింగు. భవనం మా కూమ్‌కి, మీ సామాను బడి అటక మీదికి. తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. యాత్రికుల్ని ఊళ్ళు తిప్పే 'బంగారు బాట' కమిటీ వాళ్ళు వస్తున్నారు. మన ఊరు వాళ్ళ బాటలో చేరిందా, మ్యూజియంని ఎవడూ ముట్టుకోకూడదు, రూలు అది. నాకూ బస్సులొస్తాయి, సంతోషమే. చేరలేదా, ఇక మీరు నన్ను తిట్టుకోకూడదు."

"ఏం చూపిస్తారు వాళ్ళకి?"

"ఇంకేముంది, హెట్మాన్ ఓక్ చెట్టు."

"అది లిండెన్ పాన్ మేయర్."

"ఆ సంగతి చెట్టు చెప్పదుగా! మీరు నోరు మూసుకుంటే చాలు."

"అవ్వని చూపిద్దాం," అంది మెలానియా.

మొగుడూ పెళ్ళాల్లా కూములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అవ్వ ఒక రాతి బొమ్మ. మ్యూజియం ముందు, గడ్డిలో నిలబడి ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఆ మైదానాల్లో గుర్రాల మీద తిరిగిన జనం తమవాళ్ళ జ్ఞాపకానికి చెక్కి నిలబెట్టింది. మనిషంత ఎత్తు. రెండు చేతులూ పొట్ట దగ్గర చేర్చి ఓ గిన్నె పట్టుకుని ఉంటుంది. వీపు మీద జడలున్నాయి. మొహం చాలామటుకు అరిగిపోయింది గానీ కళ్ళు, మూతి తెలుస్తాయి. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మాత్రం కుడి చెవికి ఓ చిన్న పోగు కనిపిస్తుంది. ఆ ఊళ్ళో ఆ పోగుని చూసినది మెలానియా ఒక్కతే. ఆవిడ ఉద్యోగంలో చేరేటప్పటికి అవ్వ పాత సమిష్టి వ్యవసాయ క్షేత్రం పశువుల కొట్టంలో గుంజగా ఉండేది. ఆవులు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని తుంటి దగ్గర నున్నగా చేసేశాయి. మెలానియా ట్రాక్టరు డ్రైవరుకి ఓ సీసా హొరిల్కా సారా పోసి, బొమ్మని పరుపుల్లో చుట్టి తెచ్చుకుంది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆ ఊళ్ళో నిజమైనదంటూ ఉంటే అది ఇదొక్కటేనని ఆవిడకి తెలుసు. దాన్ని చూసి కూడా కమిటీ కళ్ళు తెరవకపోతే ఇక తోడేలుతో పాటు తనూ అటకెక్కాల్సిందే అనుకుంది.

కమిటీని తీసుకురావడానికి మెలానియా ముందురోజే జిల్లా కేంద్రానికి బయల్దేరింది. ఆవిడ అటు వెళ్ళగానే ఇక్కడ సున్నం బకెట్లు బయటికొచ్చాయి.

ఈస్టర్ ముందు వారం ఆ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా సున్నం వాసనే. ఇంటి గోడలకి సున్నం, చెట్ల మొదళ్ళకి సున్నం, రోడ్డు అంచు రాళ్ళకి సున్నం. పండగనాటికి తన గడపలో ఒక్క మురికి చుక్క మిగిలినా ఆడవాళ్ళు తల ఎత్తుకోలేరు. వీధులు ఊడ్చే ఆడవాళ్ళకి పెద్ద పరాస్కా. మంచి బలమైన మనిషి. ఆమె మెలానియా కంటే వయసులో పెద్దది, గొంతులో ఇంకా పెద్దది. ఒనుఫ్రి ఆమెని పిలిచి, "కమిటీ వస్తోంది పరాస్కా అక్కా. ఊరు తళతళలాడాలి. నిటారుగా నిలబడ్డది ఏదీ వదలొద్దు," అన్నాడు.

నిటారుగా నిలబడటంలో అవ్వకి ఎనిమిది వందల ఏళ్ళ అనుభవం ఉంది.

మర్నాడు పొద్దున్న బస్సులో మెలానియా దారి పొడుగునా అవ్వ గురించి చెబుతూనే ఉంది. బూడిదరంగు రాయి గురించి, జడల గురించి, చెవిపోగు గురించి గొంతు బొంగురుపోయేలా చెప్పింది. కమిటీ అధ్యక్షుడు జెనోన్ గారు కుట్టుపనిచేసిన చొక్కా తొడుక్కుని, కిటికీకి తల ఆనించి, హెట్మాన్ కంటే గాఢంగా నిద్రపోయాడు. ఆయన సహాయకురాలు ఫోన్‌లో తన ఫోటోలే చూసుకుంటోంది. ఫరవాలేదు, కళ్ళారా చూస్తే వాళ్ళే తెలుసుకుంటారని మెలానియా సర్దిచెప్పుకుంది.

బస్సు మ్యూజియం ముందు ఆగింది. మెలానియా అందరికంటే ముందు దిగింది.

అవ్వ తెల్లగా ఉంది. సున్నం మీగడలా మందంగా పట్టి ఉంది. కాళ్ళ దగ్గర గుడిసె గోడకి వేసినట్టు మసితో నల్లటి పట్టీ. కళ్ళకి నీలిమందు, మూతికి ఇటుకపొడి ఎరుపు. తలకి పువ్వుల గుడ్డ, గడ్డం కింద ముడి. చెవిపోగు సంగతి సరే, అసలు చెవే లేదు. పక్కన పరాస్కా ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో కుంచె పట్టుకుని పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసిన తల్లిలా వెలిగిపోతోంది.

"చూశావా మెలానా తల్లీ!" అంది పరాస్కా. "రెండు పూతలు వేశా. మొదటి పూత గటగటా పీల్చేసింది, పాపం ఎన్నాళ్ళ దాహమో! పండగనాడు ఊరంతా తెల్లగా ఉండి అవ్వ ఒక్కతీ మాసిన బట్టల్లో నిలబడితే బావుంటుందా? నువ్వేమో చదువు గొడవలో పడి ఆవిడని పట్టించుకోవు."

మెలానియాకి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. పరాస్కా ముసలి చేతులు సున్నానికి పగిలి ఎర్రగా ఉన్నాయి. వాటిని చూశాక తిట్టడానికి నోరు రాలేదు. కడిగేద్దాం, నీళ్ళు తెద్దాం, ఇంకా పచ్చిగా ఉండగానే కడిగేద్దాం అని మాత్రం అనుకుంది. ఇంతలో వెనక నుంచి జెనోన్ గొంతు వినిపించింది.

"అద్భుతం!"

ఆయన పూర్తిగా మేలుకున్నాడు. సహాయకురాలు అవ్వ భుజం మీద చెయ్యేసి తన ఫోటో తీసుకుంటోంది. ఆమె కోటుకి సున్నం అంటుకుంది, అయినా నవ్వుతోంది.

"మీకు తెలీదు," అన్నాడు జెనోన్. "ఏ ఊరు వెళ్ళినా ఒకటే ఓక్ చెట్టు, ఒకటే సొరంగం. చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. నాకు రాళ్ళూ రప్పలూ అక్కర్లేదు. బతికున్న ఆచారం కావాలి! ఏటా ఇలాగే అలంకరిస్తారా?"

"ఏటా!" అన్నాడు ఒనుఫ్రి వెంటనే. "తాతల నాటి నుంచీ."

"మేయర్లని నేను అడగను. వాళ్ళందరికీ తాతలుంటారు." జెనోన్ మెలానియా వైపు తిరిగాడు. నవ్వు కాస్త తగ్గింది. "పానీ, చదువుకున్నవారు మీరు. మీరు చెప్పండి. ఇది ఆచారమే అయితే మీ ఊరికి బాటలో మొదటి స్థానం. అలా కాక, పురాతన విగ్రహానికి ఎవరో బుద్ధిలేక సున్నం కొట్టి ఉంటే, నేను ఊరి పేరు కొట్టేసి వెళ్ళాలి. ఏది నిజం?"

అందరూ మెలానియా వైపు చూశారు. తిమీష్ గింజలు కొరకడం మానేశాడు. మ్యూజియం కిటికీలోంచి ఒంటిచెవి తోడేలు కూడా చూస్తోంది. ఆవిడకి బడి అటక గుర్తొచ్చింది. అక్కడ పావురాల రెట్టలుంటాయి. తను ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చిన చొక్కాలు, నాగళ్ళు, ఊయలలు ఆ రెట్టల కింద కుళ్ళుతాయి. ఇక్కడేమో తోడేలు నిలబడ్డచోట ఎవడో పెళ్ళికొడుకు ఉప్పు పట్టిన పందికొవ్వు ముక్క కొరుక్కుంటూ చిందులేస్తాడు. సున్నానిదేముంది, నాలుగు వానలు పడితే పోతుంది.

"ఆచారమే," అంది మెలానియా.

తుమ్ము రాలేదు. అదే ఆవిడని భయపెట్టింది.

చదువుకున్న మనిషి అబద్ధం చెబితే వచ్చే చిక్కు ఇదే. అక్కడితో ఆపలేదు. వివరాలు లేకపోతే తనకే నమ్మకం కుదరదు. ఎడమ పాదం నుంచి సున్నం మొదలుపెట్టాలని చెప్పింది. పూత పూర్తయ్యేదాకా అక్కడున్నవాళ్ళు ఎవరూ నోరు విప్పకూడదంది, విప్పితే ఆ ఏడు వడగళ్ళు పడి గోధుమ పోతుందట. కళ్ళకి అన్నిటికంటే చివర పూయాలంది, పోయిన ఏటి కొట్లాటలు అవ్వ కంటపడకుండా. చెబుతుంటే మాటలు వాటంతటవే వస్తున్నాయి, అందులోనూ అందంగా వస్తున్నాయి. జెనోన్ గబగబా రాసుకున్నాడు. ఒనుఫ్రి నోరు తెరిచి వింటున్నాడు. జీవితమంతా కోతలు కోసినా ఇంత నాణ్యమైన కోత తనెప్పుడూ కోయలేకపోయాడని ఆ మొహమే చెబుతోంది.

పరాస్కా మొదట తెల్లబోయింది. తరవాత మెల్లిగా తల ఊపడం మొదలుపెట్టింది.

"అవునవును," అంది తనలో తను. "మా అమ్మమ్మ కూడా ఇలాంటిదేదో..."

ఊరు బంగారు బాటలో చేరింది. మ్యూజియం నిలిచింది. మెలానియా ఆ రోజు ఇంటికి వెళ్ళి సంతోషంతో ఏడ్చింది, అది సంతోషమేనని తనకి తనే రెండుసార్లు చెప్పుకుంది. బాటలో చేరిన చోట యాత్రికులకి భోజనశాల ఉండాలని ఇంకో రూలు ఉన్న సంగతి తరవాత బయటపడింది. దాంతో పెద్ద హాల్లో సగం తిమీష్‌కి వెళ్ళింది. తోడేలు మరుగుదొడ్ల దారిలోకి మారింది. తిమీష్ బోర్ష్ అనే బీట్‌రూట్ సూప్ మీద ఇంత పుల్లమీగడ వేసి, "అవ్వ బోర్ష్" అని పేరు పెట్టి అమ్మాడు.

సున్నం వానకి పోలేదు. పరాస్కా దాన్లో ఉప్పు, పాలు కలిపింది, గట్టిగా పట్టాలని. మెలానియా నీళ్ళతో కడగబోతే ఒనుఫ్రి పరుగున వచ్చాడు.

"ఏం చేస్తున్నారు పానీ? బస్సు వస్తోంది. అది మీరు చెప్పిన ఆచారం. నేను చెప్పినది కాదు."

అంతలో ఊరికి జ్ఞాపకాలు రావడం మొదలయ్యాయి. ఒకామె పాతికేళ్ళ కిందటి వడగళ్ళవాన సంగతి తీసి, ఆ ఏడు పూత మధ్యలో తన ఆడపడుచు దగ్గిందని తేల్చింది. ఆ ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. అవ్వ అప్పుడు పశువుల కొట్టంలో ఉందని ఎవరికీ గుర్తులేదు, ఆవులకి తప్ప. బడిలో పిల్లలు తెల్ల అవ్వ బొమ్మలు గీశారు. మెలానియా రొట్టెల కొట్లో ఒకరిద్దరి దగ్గర, "అదంత పాతది కాదేమో," అని నసిగింది. వాళ్ళు జాలిగా చూశారు.

"మీరు కీవ్‌లో చదువుకున్నారు పానీ. ఇలాంటివి పుస్తకాల్లో ఉండవు. రక్తంలో ఉంటాయి."

చలికాలమంతా మెలానియా పొద్దున్నే ఎవరూ లేవకముందు చెక్క పుల్లతో అవ్వ కుడి చెవి దగ్గర కొద్దికొద్దిగా గీకింది. మంచు కరిగే వేళకి చెవిపోగు బయటపడింది. కంటి రెప్ప కూడా కాస్త తేలింది. ఈసారి ఎలాగైనా మొహం దాకా రానివ్వకూడదని నిశ్చయించుకుంది. పూత వేసే గౌరవం ఆవిడదేనని కమిటీ రాసింది కాబట్టి కుంచె తన చేతిలోనే ఉంటుంది. కాళ్ళకి వేస్తుంది, నడుముకి వేస్తుంది, మెడ దగ్గర ఆపేస్తుంది. అడిగితే ఇంకో వివరం కల్పిస్తుంది. ఒకసారి కల్పించిన మనిషికి రెండోసారి పెద్ద కష్టం కాదు.

పండగ ముందు వారం వచ్చింది. మ్యూజియం ముందు బస్సులు బారులు తీరాయి. జెనోన్ కొత్త చొక్కాలో వచ్చాడు. ఊరు ఊరంతా నోళ్ళు బిగించి నిలబడింది. గోధుమ వేసినవాళ్ళు పిల్లల నోళ్ళు కూడా అరచేత్తో మూశారు. మెలానియా ఎడమ పాదం నుంచి మొదలుపెట్టింది. నీళ్ళలాంటి పల్చటి సున్నం కలిపి తెచ్చుకుంది. పాదాలు, గిన్నె, చేతులు, జడలు అయ్యాయి. మెడ దగ్గరికి వచ్చి కుంచె దించేసి, వెనక్కి అడుగేసింది.

జనంలో కదలిక. అందరి చూపులూ అవ్వ కళ్ళ మీద. ఏటవాలు ఎండలో చెవిపోగు మిలమిల్లాడుతోంది. దాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

పరాస్కా వరసలోంచి బయటికొచ్చింది. మెలానియా చేతిలో కుంచె లాక్కుని, తన సొంత బకెట్లో, మీగడలాంటి సున్నంలో నిండా ముంచింది. మెలానియా ఆమె మణికట్టు పట్టుకుంది.

"పరాస్కా, వద్దు. విను. ఇదంతా నేనే—"

సున్నం కారుతున్న అరచెయ్యి వచ్చి ఆవిడ నోటి మీద గట్టిగా పడింది. జనం ఒక్కసారిగా వడగళ్ళ భయంతో ఆకాశంలోకి చూశారు. ఒక ముసలాయన మూడుసార్లు సిలువ గీసుకున్నాడు. పరాస్కా ఎడమచేత్తో మెలానియా నోరు మూసి పట్టుకునే, కుడిచేత్తో చెవి మీద ఒక పూత, కళ్ళ మీద ఒక పూత వేసింది. ఏమాత్రం తొందరపడలేదు. ఎంతో ప్రేమగా వేసింది.

అప్పుడు చెయ్యి తీసింది. ఇక మాట్లాడొచ్చు.

"ఏం తల్లీ, ఊరి పంట ముంచుతావా?" అంది పరాస్కా. కోపం కంటే దిగులే ఎక్కువుంది ఆ గొంతులో. "నోరు మూసుకుని, కళ్ళు చివర. మా అమ్మమ్మ ఇదే చోట, ఇలాగే పూసేది. ఈ కళ్ళతో చూశా నేను."

మెలానియా మూతి మీద, ముక్కు కింద సున్నం ఎండుతోంది. మంటగా ఉంది. చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి అని నోరు తెరిచింది. ముక్కులో ఏదో కదిలింది. ఏడాదిగా రానిది ఒక్కసారిగా ఎగదన్నుకు వచ్చింది.

చర్చి మెట్ల మీది పావురాలు లేచిపోయేంత గట్టిగా తుమ్మింది.

"సత్యం!" అంది ఊరంతా ఒకే గొంతుతో.

పరాస్కా కళ్ళు తుడుచుకుంది. జెనోన్ ఆ తుమ్ముని కూడా రాసుకుని, అది ఏ నాటి ఆచారమని మేయర్ని అడిగాడు.